జేజినాయన ఏ కంపెనీలో ఉన్నాడు? రెండో యుద్ధపు సప్లై దళం కాగితాలు చదివే పద్ధతి

రెండో ప్రపంచ యుద్ధంలో పట్టాళానికి పోయివచ్చిన జేజినాయన గురించి ఇళ్లలో మిగిలేది చాలాసార్లు ఒక్క మాటే: "బర్మా పోయినాడంట." అక్కడ ఏం పని చేశాడో తెలుసుకోవాలంటే పేరు పట్టుకుని బయలుదేరొద్దు. మన రాయలసీమ జిల్లాల్లో ఓబులేసులకూ, మద్దిలేటిలకూ, నరసింహులుకూ లెక్కలేదు. పైగా మిలిట్రీ గుమాస్తా ఇంటిపేరు వదిలేసి, పేరును తన చెవికి వినబడినట్టు ఇంగ్లీషులో రాసుకుని ఉంటాడు. మీకు కావాల్సినవి రెండు: సర్వీసు నంబరు, కంపెనీ (పట్టాళంలో ఆయన పనిచేసిన జట్టు) నంబరు.

ముందు ట్రంకుపెట్టె దించండి. డిశ్చార్జి పుస్తకం, పతకాలు, మనియార్డరు రసీదులు, పాత కార్డులు, ఏది దొరికినా సరే. నంబరులో అడ్డగీతకు ముందు ఇంగ్లీషు అక్షరాలుంటే వాటినీ కలిపి ఎక్కించుకోండి. అవి వదిలేస్తే సగం నంబరే మిగులుతుంది. మడతల్లో చెదిరిన సిరాను పగటి వెలుతురులో కాగితం కొంచెం ఏటవాలుగా పెట్టి ఫోటో తీయండి. లామినేషన్ వద్దు, టేపు అసలే వద్దు. పతకాలకు చింతపండు పెట్టి తోమకండి, అక్షరాలు అరిగిపోతాయి.

ఇప్పుడు పొడి అక్షరాలు. ఆర్ఐఏఎస్‌సీ అంటే రాయల్ ఇండియన్ ఆర్మీ సర్వీస్ కోర్: తిండి, పెట్రోలు, రవాణా చూసే దళం. 1923లో ఇండియన్ ఆర్మీ సర్వీస్ కోర్‌గా ఉండి 1935లో 'రాయల్' తగిలించుకుంది, 1950లో ఆ మాట రాలిపోయి ఆర్మీ సర్వీస్ కోర్ అయింది. దాని పక్కన ఎంటీ అని ఉంటే లారీలు, ఏటీ అని ఉంటే కంచరగాడిదలు, జీపీటీ అంటే ఏ సరుకైనా మోసే మామూలు రవాణా కంపెనీ. ఎక్కువమంది తప్పటడుగు వేసేది ఇక్కడే. ఐఏఓసీ వేరే దళం, దానిది ఆయుధాలు, మందుగుండు, సామాన్ల పని. ఐపీసీ అంటే పయనీర్ కోర్, రోడ్లు, మోతపనుల వాళ్లు. ఈ మూడింటినీ ఒకటే అనుకుంటే ఉత్తరం తప్పు ఆఫీసుకు పోతుంది.

పతకాలు ఏ దిక్కుకు పోయాడో చెబుతాయి. స్టార్ పతకాలన్నీ ఆరు కొనలతో ఒకే అచ్చులో ఉంటాయి, నడిమి వలయంలో రాసింది చదవాలి. రిబ్బను మిగిలితే ఇంకా సులువు: ముదురు నీలం మధ్యలో ఎర్ర పట్టీ, రెండు పక్కలా నారింజ గీతలుంటే బర్మా స్టార్, ఎరుపు, తెలుపు, ఆకుపచ్చ పట్టీలైతే ఇటలీ. భారతదేశ పటం ఉన్న ఇండియా సర్వీస్ మెడల్ ఒక్కటే ఉంటే, దేశం దాటి ఉండకపోవచ్చు.

"తుపాకీ పట్టలేదు, లారీ తోలినాడంతే" అని తక్కువ చేసి చెప్పే ఇళ్లున్నాయి. 1944 ఫిబ్రవరి 5 నుంచి 23 దాకా బర్మా పడమటి తీరంలోని అరకాన్‌లో జపాను సేన చుట్టుముట్టింది 'అడ్మిన్ బాక్స్' అనే సరుకుల స్థావరాన్నే. గుమాస్తాలు, డ్రైవర్లు, కంచరగాడిదల కాపర్లు కూడా కందకాల్లో దిగి కాపలా కాశారు. తిండీ మందుగుండూ విమానాల నుంచి జారవిడిచారు. పట్టు గుడ్డ చాలక ఆ కాలంలో కలకత్తా జనపనారతో కూడా పారాచూట్లు కుట్టించారు. ఏటీ కంపెనీలో ఒక్కో జంతువు మోత సుమారు 160 పౌండ్లు, అంటే దాదాపు 73 కిలోలు. రెండు వైపులా సమంగా కట్టకపోతే జీను జారి వీపు పుండు పడుతుంది, ఆ జంతువు ఇక మోతకు పనికిరాదు. అంతా కట్టే మనిషి చేతిలోనే ఉంది.

తిరిగి రానివాళ్ల కోసం కామన్‌వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ వెబ్‌సైటులో డబ్బు లేకుండా వెతకొచ్చు. 1939 సెప్టెంబరు 3 నుంచి 1947 డిసెంబరు 31 దాకా చనిపోయినవాళ్లు అందులో ఉంటారు. పేరు గడి ఖాళీగా వదిలి, దళం ఎంచుకుని, అదనపు వివరాల గడిలో జిల్లా పేరు కొట్టండి. తండ్రి పేరు, ఊరు చాలాసార్లు అక్కడే ఉంటాయి. కడపకు 2005 దాకా ఉన్న పాత స్పెల్లింగు వాడాలి: సి, యు, డి, డి, ఏ, పి, ఏ, హెచ్. ఆదోని, ఆలూరు, రాయదుర్గం వాళ్లు బళ్లారి అని వెతకాలి. 1953 దాకా ఆ తాలూకాలు ఆ జిల్లావే. గిద్దలూరు, మార్కాపురం, కంభం అప్పట్లో కర్నూలు కిందివి. మదనపల్లె మాత్రం 1911లోనే కడపను విడిచి చిత్తూరుకు పోయింది.

బతికి వచ్చినవాళ్ల వివరాలకు బెంగళూరులోని ఏఎస్‌సీ రికార్డ్స్ (సౌత్)కు రాయాలి. నంబరు, పేరు రాసి ఉన్న తీరు, తండ్రి పేరు, ఊరు, పాత తాలూకా, చేరిన ఏడు, వదిలిన ఏడు ఒకే పేజీలో పెట్టండి. డిశ్చార్జి కాగితం, మరణ ధ్రువపత్రం, మీ చుట్టరికం చూపే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ నకళ్లు జతచేసి స్పీడ్ పోస్టులో పంపండి. అసలు కాగితాలు ఎవరికీ ఇవ్వొద్దు. ఉత్తరం రాయడం తెలియకపోతే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో అడగండి. పింఛను లేకుండా ఇంటికొచ్చినవాళ్ల ఫైళ్లు కొన్నేళ్లు ఉంచి తీసేసే పద్ధతి ఉంది కాబట్టి "రికార్డు లేదు" అని జవాబు రావచ్చు. అంటే పట్టాళంలో లేడని కాదు.

అలాంటప్పుడు కంపెనీ నంబరే దిక్కు. దాని వార్ డైరీ, అంటే యుద్ధంలో రోజువారీ రాసిన పుస్తకం, లండన్‌లో క్యూ అనే చోట ఉన్న బ్రిటన్ నేషనల్ ఆర్కైవ్స్‌లో దొరకవచ్చు: బర్మా వైపు కంపెనీలకు ఫైళ్ల వరస డబ్ల్యూఓ 172, మధ్యప్రాచ్యానికి 169, ఇటలీకి 170. సిపాయిల పేర్లు వాటిలో అరుదు. ఏ తారీఖున ఏ ఊళ్లో దిగారు, ఎన్ని లారీలు కదిలాయి అన్నది మాత్రం దొరుకుతుంది. దాన్ని డిశ్చార్జి పుస్తకం తారీఖుల పక్కన పెట్టి చూసుకోండి.