అమీర్‌పేట పక్కన ఇల్లు చూసుకునేవాళ్లకు

మూడు నెలల కంప్యూటర్ కోర్సు కోసం తెనాలి నుంచి హైదరాబాద్ అమీర్‌పేట వచ్చినదాన్ని, పదిహేనేళ్లుగా పక్కనే ఉన్న ఎస్సార్ నగర్‌లోనే ఉండిపోయాను. నాలుగిళ్లు మారాను. మొన్న తమ్ముడు "అక్కా, అక్కడే ఒక ఇల్లు చూసిపెట్టు" అంటే ముందు వాడి ఆఫీసు ఎక్కడో అడిగాను.

ఎందుకంటే ఇక్కడ రెండు మెట్రో లైన్లున్నాయి. మియాపూర్–ఎల్బీనగర్ రెడ్ లైను, నాగోలు–రాయదుర్గం బ్లూ లైను అమీర్‌పేటలో కలుస్తాయి. ఎస్సార్ నగర్ స్టేషన్ రెడ్ మీద, మధురానగర్ బ్లూ మీద ఉంటాయి. హైటెక్ సిటీలో ఉద్యోగమైతే మధురానగర్ వైపే వెతకండి. సీటు దొరక్కపోవచ్చు గానీ, పొద్దున్నే అమీర్‌పేటలో ఆ జనంలో పడి లైను మారే బాధ తప్పుతుంది. ఊరెళ్లాలంటే రైలుకి బ్లూ లైన్లో సికింద్రాబాద్ ఈస్ట్, బస్సుకి రెడ్ లైన్లో ఎంజీబీఎస్. తెల్లవారుజాము బండికి మాత్రం మెట్రో ఉండదు, ఆటో మాట్లాడుకోవాల్సిందే.

ఇంటికి దూరం కన్నా నీళ్లు ముఖ్యం. నా మొదటి ఇల్లు స్టేషన్‌కి నాలుగడుగులే. పై రెండంతస్తుల్లో హాస్టలు. ఏడింటికల్లా ట్యాంకు ఖాళీ, నేను బకెట్ పట్టుకుని వాచ్‌మన్ గది ముందు. అందుకే మంజీరా నీళ్లు, అంటే కుళాయి నీళ్లు, ఏ రోజు, ఎన్నింటికి వదులుతారో, సంపు ఎంతుందో, బోరు ఎండాకాలంలో పోస్తుందో లేదో వాచ్‌మన్‌ని అడగండి. ఓనరుని అడిగితే "నీళ్లకేం ఢోకా లేదమ్మా" అంటాడు. నాలుగిళ్లలోనూ అదే మాట విన్నాను.

పగలు చూసి నచ్చిన ఇంటిని రాత్రి తొమ్మిదికి మళ్లీ చూడండి. గేటుకి అడ్డంగా ఎన్ని బైకులున్నాయి, కింద మెస్సు పొగ ఎవరి కిటికీలోకి పోతోంది, అన్నీ అప్పుడే తెలుస్తాయి. మెయిన్ రోడ్డు నుంచి రెండు సందులు లోపలికి వెళ్తే చాలు, హారన్లు సగం తగ్గుతాయి. నడక ఐదు నిమిషాలు పెరిగినా నాకదే నయం. కూరగాయలకి ఎర్రగడ్డ రైతు బజారు ఉంది, ఎస్సార్ నగర్ నుంచి మెట్రోలో రెండు స్టేషన్లే.

ఇంకోటి. ఆషాఢంలో ఓ మంగళవారం ఇక్కడి బల్కంపేట ఎల్లమ్మ గుడిలో కల్యాణం జరుగుతుంది, ఆ రోజు చుట్టుపక్కల రోడ్లు మూసేస్తారు. మూడో ఇంట్లోకి నేను సరిగ్గా ఆ మంగళవారమే మారాను. ఆషాఢంలో ఇల్లు మారొద్దని అమ్మ మొత్తుకున్నా వినలేదు. సామాన్ల ట్రాలీని పోలీసులు సందు మొదట్లోనే ఆపేశారు. గ్యాస్ బండ నేనూ, వాషింగ్ మెషిన్ డ్రైవరూ ఇంకో కుర్రాడూ మోసుకుంటూ, బోనాలెత్తుకున్న ఆడవాళ్ల మధ్యలోంచి కొత్తింటికి చేరాం. ఆ సంగతి అమ్మకి ఇప్పటికీ చెప్పలేదు.