జీపీఎస్ తప్పు దారి చూపిస్తోందా? ముందు ఇవి చూడండి

చేతి జీపీఎస్ తీసుకుని అడవికో కొండకో వెళ్లేవాళ్లు ఇంట్లోనే ఒకసారి సెట్టింగ్స్ తెరిచి చూసుకోండి. చాలాసార్లు పరికరం బాగానే ఉంటుంది, సెట్టింగ్ తేడాగా ఉంటుంది.

రూట్ అడిగితే రోడ్డు వదిలేసి చెరువు మీదుగా సూటిగా గీత గీస్తోందంటే, రూటింగ్ (దారి ఎంచే సెట్టింగ్) 'డైరెక్ట్'లో ఉందన్నమాట. దాన్ని కారుకో నడకకో మార్చండి. అయినా అదే గీత వస్తే ఆ ప్రాంతం మ్యాప్‌కు టిక్ పెట్టి ఉందో లేదో చూడండి. దారి లెక్కకట్టే సమాచారం లేని మ్యాప్ అయితే బొమ్మ కనిపిస్తుంది కానీ మలుపులు చెప్పదు.

అసలు జాగ్రత్త పడాల్సింది అంకెల దగ్గర. ఎవరో ఒక చోటి అక్షాంశం 16.50 డిగ్రీలు అని పంపితే అది 16 డిగ్రీల 30 నిమిషాలు. దాన్ని 16 డిగ్రీల 50 నిమిషాలుగా కొట్టారో, దాదాపు 37 కిలోమీటర్లు ఉత్తరానికి పోతారు! అందుకే పొజిషన్ ఫార్మాట్ (అంకెలు రాసే పద్ధతి) వచ్చిన అంకెలకు సరిపోయేలా మార్చుకున్నాకే వాటిని ఎక్కించండి.

సర్వే ఆఫ్ ఇండియా పాత టోపోషీట్ (ఎత్తుపల్లాలు, వాగులు చూపే మ్యాప్) చూసి పాయింట్లు ఎక్కించేవాళ్లు ఇంకోటి గమనించాలి. అవి ఎవరెస్ట్ డేటమ్‌లో (డేటమ్ అంటే అక్షాంశ రేఖాంశాలను కొలిచే ఆధారం) ఉంటాయి, జీపీఎస్ మామూలుగా డబ్ల్యూజీఎస్ 84 అనే వేరే డేటమ్‌లో ఉంటుంది. జీపీఎస్‌లో డేటమ్‌ను మ్యాప్‌కు తగ్గట్టు మార్చకపోతే మన ప్రాంతంలో వంద మీటర్లకు పైగానే తేడా వస్తుంది. వాగుకు ఏ గట్టున ఉన్నామో తెలియక టెన్షన్ పడేది ఇక్కడే. పని అయ్యాక మళ్లీ డబ్ల్యూజీఎస్ 84కి తెచ్చేయండి.