రోజంతా చేతిలో ఉండే డ్రయ్యర్: హెయిర్ స్టైలిస్టులు ఎలా ఎంచుకోవాలి

పదిహేడేళ్లుగా జుట్టు కత్తిరించడం, ఆరబెట్టడం, తీర్చిదిద్దడం నా పని. ఆరో ఏడు నడుస్తుండగా ఒక సాయంత్రం, ఆఖరి క్లయింటుకి బ్లో డ్రై చేస్తుంటే కుడిచేతి బొటనవేలూ చూపుడువేలూ తిమ్మిరెక్కి డ్రయ్యర్ జారిపోయింది. నేలకు తగలకముందే వైరు పట్టి ఆపాను గానీ, ఆ రాత్రంతా మణికట్టు సలుపుతూనే ఉంది. మర్నాడు డాక్టరు అడిగిన మొదటి మాట: "ఆ మెషీన్ బరువెంత? రోజుకి ఎంతసేపు పట్టుకుంటారు?" రెండిటికీ నా దగ్గర జవాబు లేదు. కొన్న రోజున నేను చూసినవి వాట్లు, రంగు, డబ్బా మీద పెద్దక్షరాల్లో ఉన్న 'ప్రొఫెషనల్' అన్న మాట, అంతే.

ఇంటికి వెళ్లి తూచాను. డబ్బా మీద 590 గ్రాములని రాసి ఉంది. అది వైరు, నాజిల్ (గాలిని ఒకచోటికి మళ్లించే మూతి) లేకుండా వేసిన లెక్క. అన్నీ కలిపితే 870 వచ్చింది. వైరు బరువంతా చేతి మీద పడదు, నిజమే. కానీ పిడి నుంచి నేల దాకా వేలాడే భాగాన్ని మోసేది మన మణికట్టే.

అప్పటి నుంచి డ్రయ్యర్ కొనాలన్నా, చెల్లెలి లాంటి జూనియర్ ఎవరైనా సలహా అడిగినా, ఆ డాక్టరు ప్రశ్నలతోనే మొదలుపెడతాను.

ముందు మీ గంటలు లెక్కపెట్టండి. నాకు రోజుకి ఏడెనిమిది బ్లో డ్రైలు ఉంటాయి. ఒక్కోదానికి ఇరవై నిమిషాలు వేసుకున్నా రెండున్నర గంటలు. ఏడాదికి 300 పని దినాలైతే 750 గంటలు. ఇంట్లో రోజుకి ఐదు నిమిషాలు వాడే మనిషికి ఏడాది మొత్తం మీద 30 గంటలే. అంటే ఆ మనిషి పాతికేళ్లు వాడేంత వాడకాన్ని మనం ఒక్క ఏడాదిలో పూర్తి చేస్తున్నాం. ఇంటివాడకం డ్రయ్యర్ మన చేతిలో ఏడాది తిరగకుండానే కాలిపోతే అందులో వింతేమీ లేదు. 'ప్రొఫెషనల్' అన్న మాట ఎవరైనా అచ్చు వేసుకోవచ్చు. వారంటీ కాగితం మాత్రం అసలు సంగతి చెబుతుంది. ఇంటివాడకానికి చేసిన చాలా డ్రయ్యర్ల కాగితంలో, వృత్తిపరంగా వాడితే వారంటీ వర్తించదని చిన్న అక్షరాల్లో ఉంటుంది. నాలుగు నెలల్లో చెడిపోయిన డ్రయ్యర్ పట్టుకెళ్తే, సెలూన్‌లో వాడారు కదా అని ఒక కంపెనీ నన్ను వెనక్కి పంపింది. కాగితం ముందే చదివి ఉంటే అది కొనేదాన్నే కాదు. అందుకే డబ్బు కట్టేముందు మూడు సంగతులు అడగండి: సెలూన్ వాడకానికి వారంటీ ఉందా, ఎన్ని నెలలు, ఫిల్టరు, వైరు, మోటారులోని కార్బన్ బ్రష్‌లు విడిగా దొరుకుతాయా.

మోటారు సంగతి

ఆయుష్షు, బరువు, చప్పుడు, మూడూ చాలావరకు మోటారు మీదే ఆధారపడతాయి. బ్రష్‌లుండే డీసీ మోటారు చిన్నది, తేలిక, చవక. లోపల కార్బన్ బ్రష్‌లు తిరిగే భాగాన్ని రాసుకుంటూ అరిగిపోతాయి. రోజుకి రెండున్నర గంటల పనికి అది సరిపోదు. ఏసీ మోటారు పెద్దది, బరువెక్కువ, కానీ గాలి ఒత్తిడి నిలకడగా ఉంటుంది, ఏళ్లు నిలుస్తుంది, మెకానిక్ విప్పి బాగుచేయగలడు. సెలూన్లలో చాలాకాలంగా వాడుతున్నది ఇదే. మూడోది డిజిటల్ అని పిలిచే బ్రష్‌లెస్ మోటారు. 2016లో వచ్చిన డైసన్ సూపర్‌సోనిక్ ఈ రకమే. అందులో మోటారు నిమిషానికి 1,10,000 సార్లు తిరుగుతుంది, ఉండేది కూడా తలలో కాదు, పిడిలో. రాసుకుని అరిగే బ్రష్‌లు లేవు కాబట్టి ఈ రకం ఎక్కువకాలం మన్నుతుంది. ఐతే సర్క్యూట్ బోర్డు పోతే పక్కవీధి మెకానిక్ చేయగలిగేది తక్కువ, కంపెనీ సర్వీసు మీదే ఆధారపడాలి. మీకు దగ్గరలో ఆ సర్వీసు లేకపోతే ఏసీ మోటారుదే మంచిదని నా అభిప్రాయం.

వాట్లు కాదు, గాలి

ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. వాట్లంటే డ్రయ్యర్ లాక్కునే కరెంటు, బయటికి ఇచ్చే గాలి కాదు. ఆ కరెంటులో అధికభాగం లోపలి నైక్రోమ్ తీగను కాల్చడానికే పోతుంది. 2400 వాట్లని రాసి ఉన్నా ఫ్యాను బలహీనమైతే మీకు దక్కేది వేడి మాత్రమే. కొన్ని డబ్బాల మీద కనిపించే 1875 అన్న వింత అంకె కూడా నాణ్యతకు కొలత కాదు. 125 వోల్టులు, 15 ఆంపియర్లు గుణిస్తే వచ్చేది అది. అమెరికాలో మామూలు సాకెట్టు ఇవ్వగలిగిన గరిష్ఠం అదే కాబట్టి ఆ అంకె దగ్గర ఆగారు.

జుట్టు ఎలా ఆరుతుందో తెలిస్తే గాలి విలువ అర్థమవుతుంది. తడిసినప్పుడు వెంట్రుకలోని హైడ్రోజన్ బంధాలు విడిపోతాయి, ఆరుతున్నప్పుడు మళ్లీ కట్టుకుంటాయి. ఆ కట్టుకునే క్షణంలో పాయ రౌండ్ బ్రష్ మీద ఏ వంపులో ఉంటే ఆ వంపే నిలుస్తుంది. గాలి బలంగా ఉంటే నీరు త్వరగా వదులుతుంది, వేడి తక్కువతో పని అవుతుంది. గాలి చాలకపోతే మనమేం చేస్తాం? తెలియకుండానే నాజిల్‌ని జుట్టుకి ఇంకా దగ్గరగా తెస్తాం. 2011లో కొరియాకు చెందిన ఒక చర్మవ్యాధుల పత్రికలో వచ్చిన అధ్యయనంలో, నాజిల్ 15 సెంటీమీటర్ల దూరంలో ఉంటే 47 డిగ్రీలు, 10లో 61, 5 సెంటీమీటర్లకు వస్తే 95 డిగ్రీలు నమోదయ్యాయి. వేడి పెరిగేకొద్దీ వెంట్రుక పైపొర దెబ్బతినడమూ పెరిగింది. అదే అధ్యయనంలో నన్ను ఆశ్చర్యపరిచిన సంగతి ఇంకొకటుంది: 15 సెంటీమీటర్ల దూరంలో ఆపకుండా కదుపుతూ ఆరబెట్టిన జుట్టు కన్నా, ఊరికే గాలికి వదిలేసి ఆరిన జుట్టు లోపలి పొరల్లో ఎక్కువ దెబ్బతింది. చాలాసేపు తడిగా ఉండి ఉబ్బడమే కారణమని వాళ్లు భావించారు. డ్రయ్యర్ జుట్టుకి శత్రువని భయపడే క్లయింట్లకి నేనిది తప్పకుండా చెబుతాను.

మరీ దగ్గర పెట్టి తడి జుట్టు మీద విపరీతమైన వేడి కొడితే, వెంట్రుక లోపలి నీరు ఆవిరై బుడగలు కడుతుంది. ఆ చోట వెంట్రుక పుటుక్కున తెగుతుంది. వేరేచోట అలా తెగిన జుట్టుతో నా కుర్చీలో కూర్చుని ఏడ్చిన అమ్మాయి నాకింకా గుర్తుంది. బుడగ కట్టిన భాగాన్ని కత్తిరించడం తప్ప నేను చేయగలిగింది లేకపోయింది.

చేత్తో పట్టి చూడాల్సినవి

డ్రయ్యర్‌ని కేవలం బొమ్మ చూసి కొనకండి. ముందు ఆపేసి ఉన్నప్పుడే పట్టుకోండి. పిడి, తల కలిసే చోట రెండు వేళ్ల మీద నిలపండి. ముందుకు ఒరిగిపోతే ఆ ఒరుగుడుని రోజంతా ఆపేది మీ మణికట్టే. పిడి చుట్టూ వేళ్లు పూర్తిగా మూసుకోవాలి. నా చేతులు చిన్నవి. లావు పిడి ఉన్న డ్రయ్యర్, తూకంలో తేలికైనదే, నన్ను బరువైన దానికన్నా ఎక్కువ అలసటపెట్టింది.

తర్వాత చేయి ఎత్తి, క్లయింటు నడినెత్తిన కుదుళ్లు లేపుతున్నట్టు మూడు నిమిషాలు అలాగే ఉంచండి. ఒక్క నిమిషం చాలదు, భుజం మూడో నిమిషానికి గానీ నిజం చెప్పదు. ఆ తర్వాత చేతులు మార్చండి. మెడ వెనక పాయలు చేసేటప్పుడు మనం ఎడమచేత్తో పట్టాల్సి వస్తుంది కదా, అప్పుడు మీటలు ఎక్కడ పడుతున్నాయో చూసుకోండి. పట్టు కింద మీట ఉంటే పని మధ్యలో వేడి దానంతటదే మారిపోతుంది. వేడికి, గాలి వేగానికి విడివిడి మీటలుండాలి. గాలి ఎక్కువ, వేడి తక్కువ పెట్టుకునే వీలు లేని డ్రయ్యర్ నాకొద్దు. సన్నని జుట్టుకి, రంగు వేసిన జుట్టుకి నేను వాడే అమరిక అదే. కూల్ షాట్, అంటే చల్లగాలి మీట, బొటనవేలికో చూపుడువేలికో పట్టు మార్చకుండా అందాలి. నొక్కితే వచ్చేది నిజంగా చల్లని గాలేనా, గోరువెచ్చగా ఉందా అన్నది చెంపకు పెట్టి చూడండి. బంధాలు గట్టిగా కట్టుకునేది ఆ చల్లదనంలోనే.

వేడి సమంగా వస్తోందో లేదో ముంజేతి లోపలి వైపు తెలుస్తుంది. 15 సెంటీమీటర్ల దూరంలో పెట్టి నెమ్మదిగా కదపండి. ఒకచోట చురుక్కుమని, పక్కనే చల్లగా తగిలితే వద్దనండి.

నాజిల్ అంచు సన్నగా, వెడల్పు మీరు తీసుకునే పాయకి సరిపడా ఉండాలి. తిప్పితే తిరగాలి, తగిలితే ఊడకూడదు. వేడెక్కాక వదులై రౌండ్ బ్రష్ మీద పడే నాజిల్ క్లయింటు మెడని కాలుస్తుంది. నాజిల్‌ని పది నిమిషాలు వేడెక్కనిచ్చి మరీ పరీక్షించండి. ఉంగరాల జుట్టు క్లయింట్లు ఎక్కువుంటే, గాలిని చెదరగొట్టి మెత్తగా పంచే డిఫ్యూజర్ కూడా ఆ డ్రయ్యర్‌కే సరిగ్గా అమరాలి. అన్నిటికీ సరిపోతుందని అమ్మే రబ్బరు డిఫ్యూజర్లు నాకెప్పుడూ నిలవలేదు.

వైరు కనీసం 2.7 మీటర్లు, వీలైతే 3. కుర్చీ చుట్టూ తిరుగుతాం కాబట్టి ఇది చిన్న విషయం కాదు. వైరు పిడిలోకి వెళ్లే చోట వంగే రబ్బరు తొడుగు మెత్తగా, పొడవుగా ఉండాలి. నా డ్రయ్యర్లలో సగం చచ్చింది అక్కడే.

చప్పుడుని తేలిగ్గా తీసుకోకండి. 85 డెసిబెల్స్ శబ్దంలో రోజుకి 8 గంటలకు మించొద్దని అమెరికాలో వృత్తి ఆరోగ్యం మీద పరిశోధించే నయోష్ సంస్థ సూచన. ప్రతి 3 డెసిబెల్స్‌కీ ఆ సమయం సగమవుతుంది. 88 అయితే 4 గంటలు, 91 అయితే 2. నాది రెండున్నర గంటల వాడకం, అంటే 91 ఉన్నది నాకు దాటిపోయినట్టే. పక్క కుర్చీల డ్రయ్యర్లు ఇంకా అదనం. ఫోనులో శబ్దం కొలిచే యాప్ పెట్టి, మీ చెవి దగ్గర ఎంత చూపిస్తుందో చూడండి. ఫోను కొలత కచ్చితం కాకపోయినా రెండు డ్రయ్యర్ల మధ్య తేడా తెలుస్తుంది.

అయానిక్, సిరామిక్, టూర్మలీన్ అన్న మాటల మీద ఎక్కువసేపు ఆగను. అయాన్లు వదిలే డ్రయ్యర్‌తో పొడిగాలిలో జుట్టు చిటపటలాడి ఎగరడం తగ్గుతుంది, ఆ మేరకు పనికొస్తుంది. టూర్మలీన్ అనే ఖనిజాన్ని వాడేది కూడా ఆ అయాన్ల కోసమే. సిరామిక్ వేడిని సమంగా పంచడానికి. గాలి బలహీనంగా ఉన్న డ్రయ్యర్‌ని ఇవేవీ ఆదుకోలేవు.

కరెంటు మాత్రం జాగ్రత్త. 230 వోల్టుల మీద 2000 వాట్ల డ్రయ్యర్ దాదాపు 8.7 ఆంపియర్లు లాగుతుంది. రెండు డ్రయ్యర్లు ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకి పెడితే 17 దాటుతుంది, బోర్డు కరుగుతుంది. ఒక్కో కుర్చీకి గోడలో ఒక్కో సాకెట్టు ఉండాల్సిందే. విదేశం నుంచి తెచ్చిన డ్రయ్యర్ అయితే వోల్టేజి చదవండి. 230 వోల్టులది 120 మీద పెడితే దాదాపు నాలుగో వంతు వేడే వస్తుంది. 120ది 230 మీద పెడితే క్షణాల్లో కాలిపోతుంది. రేటింగ్ చీటీ మీద చదరం లోపల చదరం గుర్తు ఉంటే అది రెండు పొరల ఇన్సులేషన్ ఉన్నది, ఎర్త్ పిన్ను లేకపోయినా కంగారు పడక్కర్లేదు. నీళ్ల దగ్గర మాత్రం ఏదీ పెట్టకండి.

కొనేముందు వీలైతే ఒక పూట అడిగి తెచ్చుకోండి. ఒకే మనిషి తల, తువ్వాలుతో ఒత్తిన జుట్టు, తలను సగానికి పాపిడి తీసి ఒకవైపు మీ పాత డ్రయ్యర్, రెండోవైపు కొత్తది. రెండిటికీ గడియారం చూడండి. నాకు ప్రస్తుతం ఉన్న డ్రయ్యర్ ఆ పరీక్ష లెక్కన ఒక్కో తలకి నాలుగు నిమిషాలు మిగిల్చింది. రోజుకి ఏడుగురికి లెక్కేస్తే దాదాపు అరగంట బరువు నా చేతి నుంచి దిగింది.

తెచ్చాక ప్రతి శనివారం ఫిల్టరు విప్పి, పాత టూత్‌బ్రష్‌తో వెంట్రుకలు, స్ప్రే పొట్టు దులుపుతాను. ఫిల్టరు మూసుకుపోతే గాలి తగ్గి లోపల వేడి పెరుగుతుంది, భద్రతా స్విచ్చి మధ్యలో ఆపేస్తుంది. మళ్లీ నడిచింది కదా అని వదిలేస్తే తీగ పోతుంది. పిడి అడుగున కొన్న తేదీ మార్కరుతో రాసి ఉంచుతాను. కాలిన వాసన, లోపల నిప్పురవ్వలు, పిడి దగ్గర వైరు వేడెక్కడం, ఈ మూడింటిలో ఒక్కటి కనిపించినా ఆ క్లయింటు మధ్యలోనే ప్లగ్గు పీకి, డ్రాయరులో ఉంచుకునే రెండో డ్రయ్యర్ తీస్తాను.