మారుమూల పట్టణపు టీనేజీ కథను తక్కువ ఖర్చుతో సినిమాగా తీయడం ఎలా

ఇలాంటి సినిమా తలపెట్టినవారు చాలామంది ముందుగా కెమెరా అద్దె గురించి ఆరా తీస్తారు. నిజానికి ఖర్చును అదుపులో ఉంచేది స్క్రిప్టు. అనుమతి తేలికగా దొరికే ఐదారు చోట్లను ముందే ఎంచుకుని, కథంతా వాటిలోనే నడిచేలా రాసుకోవాలి. మారుమూల పట్టణంలో కుర్రకారు రోజూ తిరిగేది ఆ కొద్దిచోట్లే కాబట్టి, ఒకే వీధి మలుపు, ఒకే బస్టాండు పదేపదే కనిపించినా ప్రేక్షకుడికి అది బడ్జెట్ లోటుగా కాక ఆ పిల్లల ఉక్కిరిబిక్కిరిగానే అందుతుంది.

అసలు కష్టం విసుగును చూపించడంలో ఉంది, ఎందుకంటే ఏమీ జరగని సన్నివేశం పాత్రల కంటే ముందు ప్రేక్షకుడికే విసుగు తెప్పిస్తుంది. ప్రతి సన్నివేశంలోనూ ఎవరో ఒకరికి అప్పటికప్పుడు కావలసిందేదో ఉండాలి: మొరాయించిన బండి స్టార్టవడం, స్నేహితుడి దగ్గర అప్పు పుట్టడం, చివరి బస్సు కదిలేలోగా ఒక మాట చెప్పేయడం. కోరిక ఎంత చిన్నదైనా సరే, దానికి అడ్డం మాత్రం కళ్లెదుట కనబడాలి. ఊరు వదిలి వెళ్లిపోవాలని ఏ పాత్రా నోరు తెరిచి చెప్పకుండా మొదటి ప్రతి రాసి చూడండి. అప్పుడు ఆ తపన చేతల్లోకి దిగక తప్పదు.

పేజీకి సుమారు ఒక నిమిషం అనే వాడుక లెక్కన 85 పేజీల స్క్రిప్టు సుమారు 85 నిమిషాల సినిమా అవుతుంది. దాన్ని రోజుకు 4 పేజీల చొప్పున తీస్తే 22 రోజులు పడుతుంది. ఆ షూటింగును వారాంతాలకు పంచి ఏడాది పొడవునా సాగదీయకండి: పదిహేనేళ్ల కుర్రాడికి ఈలోగా గొంతు మారుతుంది, మీసం మొలుస్తుంది, ఎడిటర్ ఎంత నేర్పరి అయినా దాన్ని దాచలేడు.

కొత్త నటులకు డైలాగులు బట్టీ పట్టించడం కంటే, రిహార్సల్‌లో సందర్భం చెప్పి వారి మాటల్లోనే పలికించి, అందులో బాగున్నవాటితో స్క్రిప్టును సవరించుకోవడం మేలు. మైనర్ల విషయంలో తల్లిదండ్రుల రాతపూర్వక అంగీకారం తీసుకోవాలి, పని గంటలపై స్థానిక చట్టం విధించిన పరిమితిని పాటించాలి.

డబ్బు ఖర్చు చేయవలసిన చోటు శబ్దం. బొమ్మ కాస్త మసకగా ఉన్నా ప్రేక్షకుడు సర్దుకుంటాడు గానీ, మాట వినబడకపోతే లేచిపోతాడు. ఒక మంచి బూమ్ మైకును (పొడవాటి కర్రకు తగిలించి, ఫ్రేములో పడకుండా నటుల దగ్గరగా పట్టుకునే మైకు), దాన్ని పట్టుకోవడం తెలిసిన మనిషిని సమకూర్చుకుని, 48 కిలోహెర్ట్జ్ శాంపిల్ రేటు (సెకనుకు 48 వేల ధ్వని నమూనాలు) వద్ద రికార్డు చేయండి. ప్రతి లొకేషన్‌లోనూ అందరూ నిశ్శబ్దంగా ఉండగా ఒక నిమిషం పాటు అక్కడి నేపథ్య ధ్వనిని విడిగా పట్టుకుంటే, ఎడిటింగ్‌లో షాట్ల మధ్య అతుకులు వినబడవు.

వెలుతురుకు ఎండ చాలు. పగటి సన్నివేశాలను ఉదయం, సాయంత్రం వేళలకు కుదించుకోండి. సెకనుకు 24 ఫ్రేములతో తీసేటప్పుడు షట్టర్‌ను (ఒక్కో ఫ్రేముపై వెలుతురు పడే సమయాన్ని) సెకనులో 1/50 వంతు దగ్గర ఉంచితే కదలిక సహజంగా ఉంటుంది. 50 హెర్ట్జ్ విద్యుత్తు ఉన్న చోట్ల ట్యూబ్‌లైట్ల మిణుకును కూడా ఆ అమరికే చాలావరకు అరికడుతుంది. 60 హెర్ట్జ్ ఉన్న చోట 1/60 వాడాలి.

పిల్లలు సెల్‌ఫోన్‌లో పాట పెట్టుకునే సన్నివేశం రాయాలనిపించడం సహజమే. హక్కులు చేతికి రానిదే ప్రసిద్ధమైన పాటను సెట్‌లో మోగించకండి, ఎందుకంటే డైలాగుతో కలిసి రికార్డయిన పాటను తర్వాత విడదీయడం, హక్కుల కోసం అప్పుడు బేరమాడడం రెండూ ఖరీదైన పనులే.