ఆటలమ్మ పోసిన బిడ్డను ఇంట్లో ఎలా చూసుకోవాలి

బిడ్డ ఒంటి మీద ఎర్రటి దద్దుర్లు లేచి, అవి నీటి పొక్కులుగా మారి, పాతవి ఎండుతుండగానే పక్కన కొత్తవి పుట్టుకొస్తుంటే అది చాలావరకు ఆటలమ్మే. వైద్యులు చికెన్‌పాక్స్ అనే ఈ వైరస్ జబ్బు ఆరోగ్యవంతులైన పిల్లల్లో సాధారణంగా వారం పది రోజుల్లో దానంతటదే తగ్గుతుంది. వైరస్ మీద యాంటీబయాటిక్‌లు పనిచేయవు కనుక వాటి కోసం పట్టుబట్టకండి.

జ్వరానికి పారాసిటమాల్ ఒక్కటే వాడాలి. మోతాదును బరువును బట్టి, కిలోకు 15 మిల్లీగ్రాముల చొప్పున లెక్కకట్టి, ప్రతిసారీ కనీసం 6 గంటల ఎడమిచ్చి, రోజుకు 4 సార్లకు మించకుండా ఇవ్వాలి. ఈ సిరప్ 5 మిల్లీలీటర్లకు 120 మి.గ్రా. ఉన్నదీ, 250 మి.గ్రా. ఉన్నదీ దొరుకుతాయి కాబట్టి, సీసా మీది అంకె చూడకుండా ఎన్నడూ పోయకూడదు. 10 కిలోల బిడ్డకు కావలసిన 150 మి.గ్రా. రెండో దాంట్లో 3 మి.లీ.కే వస్తుంది, మొదటి దాంట్లో దాదాపు 6 మి.లీ. కావాలి. ఆస్పిరిన్ మెదడుకూ కాలేయానికీ ప్రమాదం తేవచ్చు, ఐబుప్రొఫెన్ చర్మపు ఇన్ఫెక్షన్‌ను ముదిరేలా చేయవచ్చు. ఈ రెండింటిలో ఏ ఒక్కటి ఉన్న మందునూ ఇవ్వకండి.

ఇంట్లో అసలు శ్రమంతా దురద దగ్గరే. గోకిన పొక్కు చిట్లి, గోళ్ళ మురికితో చీము పట్టి, మచ్చ మిగులుతుంది. గోళ్ళు పొట్టిగా కత్తిరించి, పసిబిడ్డలకు రాత్రిపూట చేతులకు పలుచని నూలు మేజోళ్ళు తొడగండి. తలకు నీళ్ళు పోసే రోజు దాకా స్నానమే చేయించకూడదన్న పెద్దల మాటను మాత్రం ఇక్కడ గౌరవంగానే పక్కన పెట్టాలి. రోజూ గోరువెచ్చని నీళ్ళతో ఒళ్ళు కడిగి, తువ్వాలుతో రుద్దకుండా మెల్లగా అద్ది, చిట్లని పొక్కుల మీద కాలమైన్ లోషన్ రాస్తే దురద శాంతిస్తుంది. గుమ్మానికి వేపమండలు కట్టుకోవడంలో తప్పేమీ లేదు. చిట్లిన పొక్కుల మీద పసుపూ వేపాకూ నూరి పూయడం మాత్రం వద్దు.

నోట్లోనూ పొక్కులు వస్తాయి. కారం, పులుపు తగ్గించి పెరుగన్నం, చల్లార్చిన రాగిజావ, మజ్జిగ, కొబ్బరినీళ్ళు కొంచెం కొంచెంగా, మాటిమాటికీ ఇవ్వండి. పథ్యం పేరుతో పాలు, పప్పు, గుడ్డు మాన్పించడం జ్వరంతో నీరసించిన బిడ్డను ఇంకా నీరసపరచడమే.

పొక్కు చుట్టూ ఎర్రగా వాచి వేడిగా ఉన్నా, జ్వరం 4 రోజులు దాటినా, తగ్గి మళ్ళీ వచ్చినా, ఆయాసం, ఆగని వాంతులు, తూలుతూ నడవడం, లేపితే లేవని మగత కనిపించినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. నెలల పసికందుకు గానీ, స్టెరాయిడ్లో క్యాన్సర్ మందులో వాడుతున్న బిడ్డకు గానీ ఆటలమ్మ సోకితే తొలిరోజే వైద్యుణ్ణి కలవాలి.

దద్దుర్లకు ఒకటి రెండు రోజుల ముందు నుంచి పొక్కులన్నీ పెచ్చు కట్టేవరకు ఇది ఇతరులకు అంటుతుంది; అప్పటిదాకా బడికి పంపకూడదు. ఇదివరకు ఈ జబ్బు రాని, టీకా వేయించుకోని గర్భిణులను బిడ్డకు దూరంగా ఉంచండి. ఇప్పటికే దగ్గరగా మెలిగి ఉంటే ఆమె వెంటనే తన వైద్యురాలికి చెప్పాలి. టీకా పడని, ఏడాది దాటిన తోబుట్టువులకు, జబ్బు ఉన్న బిడ్డతో మెలిగిన 3 నుంచి 5 రోజుల్లోపు టీకా వేయించినా ఉపయోగం ఉండవచ్చు కాబట్టి, మొదటి పొక్కు కనిపించిన రోజే పిల్లల వైద్యుణ్ణి అడగండి.