1789 హక్కుల ప్రకటనను చదవడం ఎలా

ఫ్రెంచ్ విప్లవ కాలంలో జాతీయ రాజ్యాంగ సభ 1789 ఆగస్టు 26న ఆమోదించిన మానవ, పౌర హక్కుల ప్రకటనలో ఉన్నవి 17 అధికరణలే. ముందు 2, 6, 16, 17 చదవండి. జ్ఞానోదయ యుగపు (18వ శతాబ్దపు యూరప్ హేతువాద కాలపు) ఆలోచనలు అక్కడే చిక్కగా ఉన్నాయి.

16వది తేలిక. హక్కులకు హామీ, అధికారాల విభజన లేని సమాజానికి రాజ్యాంగమే లేదంటుంది. అధికారమంతా ఒకరి చేతిలోనే ఉండకూడదని 1748లో ఫ్రెంచ్ తత్వవేత్త మాంటెస్క్యూ చేసిన వాదన పక్కన పెట్టుకుంటే చాలు.

చాలామంది తడబడేది 6వ దాని దగ్గర. చట్టం అంటే ప్రజల ఉమ్మడి సంకల్పం అన్న మాట కనబడగానే ‘రూసో’ (ఈ భావనకు పేరుపడ్డ తత్వవేత్త) అని రాసేసుకుని ముందుకెళ్లిపోతారు. ఆగి, తర్వాతి వాక్యం చూడండి. పౌరులు స్వయంగా గానీ, ప్రతినిధుల ద్వారా గానీ చట్టం చేయడంలో పాల్గొనవచ్చని ఉంటుంది. ఆ సంకల్పానికి ప్రాతినిధ్యం కుదరదని 1762లోనే రూసో కరాఖండిగా చెప్పాడు. సభ ఆయన మాట తీసుకుని, షరతు వదిలేసిందన్నమాట. ప్రకటన మొత్తంలో అన్నిటికన్నా ఆలోచింపజేసే చోటు ఇదే.

సహజ హక్కులేవో చెప్పే 2వ దాన్ని 1776 అమెరికా స్వాతంత్ర్య ప్రకటనతో పోల్చండి. స్వేచ్ఛ రెండింటా ఉంది. అక్కడ ఆనందాన్వేషణ అంటే, ఇక్కడ ఆస్తి, భద్రత, అణచివేతను ఎదిరించడం అన్నారు. 17వది ఆస్తిని పవిత్రమంటుంది. మనుషుల్నీ ఆస్తిగా లెక్కగట్టిన కాలమది. అందుకే దాని పక్కన అప్పటి ఫ్రెంచ్ వలస హైతీ తేదీలు తప్పక రాసుకోండి: 1791లో బానిసల తిరుగుబాటు, 1794లో ఫ్రాన్స్ బానిసత్వ రద్దు, 1802లో ఫ్రెంచ్ వలసల్లో నెపోలియన్ బానిసత్వ పునరుద్ధరణ, 1804 జనవరి 1న హైతీ స్వాతంత్ర్యం.