పాత కారు లోపల నీళ్లు చేరుతున్నాయా? దారి ఇలా పట్టుకోండి

తలుపు తీయగానే ముక్కిన వాసన, కాలి కింద చిత్తడి కార్పెట్. ఇలా కనిపిస్తే చాలామంది చేసే మొదటి పని సిలికాన్ ట్యూబు కొని ముందు అద్దం చుట్టూ పూసేయడం. నేనూ పూశాను. రెండు ట్యూబులు ఖాళీ అయ్యాక తెలిసింది, తప్పు అద్దానిది కాదని. వైపర్ల కింద ఆకులు పేరుకుని, నీళ్లు పోయే దారి మూసుకుపోయింది. తడి కనిపించే చోటు ఒకటి, నీళ్లు దూరే చోటు ఇంకొకటి. పైకప్పు దగ్గర దూరిన నీరు పైకప్పును మోసే పక్క స్తంభం లోపలి నుంచి జారి సీటు కిందికి చేరుతుంది. అందుకే ముందు దారి దొరకాలి, పూత తర్వాత.

అవి ఏ నీళ్లు?

తెల్ల టిష్యూ పేపర్‌ను తడి మీద నొక్కి చూడండి. రంగు, జిగురు, తియ్యటి వాసన ఉంటే అది కూలెంట్, అంటే ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం. హీటర్ కోర్ (లోపలికి వేడి గాలినిచ్చే చిన్న రేడియేటర్) కారుతోందన్నమాట. ముందు అద్దానికి లోపల జిడ్డు పొర పట్టడం, కూలెంట్ తరిగిపోవడం కూడా దాని గుర్తులే. ఆ పని మెకానిక్‌కు వదిలేయండి.

వాన లేకపోయినా ఏసీ వేసిన రోజే తడుస్తుంటే ఏసీ డ్రెయిన్ పైపును అనుమానించండి. ఉక్కపోత రోజున ఇరవై నిమిషాలు ఏసీ నడిపితే బండి కింద నీళ్లు బొట్లుబొట్లుగా పడాలి. పడకపోతే పైపు మూసుకుపోయి ఉండవచ్చు. కింది నుంచి మెత్తటి నైలాన్ తీగతో నెమ్మదిగా శుభ్రం చేస్తే చాలాసార్లు తెరుచుకుంటుంది.

వాన పడ్డాకో, బండి కడిగాకో మాత్రమే తడిస్తే అసలు వెతుకులాట మొదలు.

నీళ్లు పట్టి చూడటం

ముందు లోపలంతా ఆరబెట్టాలి. కార్పెట్ పైన పొడిగా ఉన్నా కింది ఫోమ్ లీటర్ల కొద్దీ నీళ్లు పట్టి ఉంచుతుంది. పాత తడి అలాగే ఉంటే కొత్తది ఎక్కడిదో తేలదు. సీట్లు తీయాల్సి వస్తే ఒక జాగ్రత్త: వాటి కింద పసుపు కనెక్టర్లు ఉంటే అవి సాధారణంగా ఎయిర్‌బ్యాగ్‌కు సంబంధించినవి. బ్యాటరీ తీసేసి, మాన్యువల్‌లో చెప్పినంత సేపు ఆగకుండా వాటిని ముట్టుకోవద్దు.

ఈ పనికి ఇద్దరు కావాలి. ఒకరు టార్చితో లోపల కూర్చుంటే, ఇంకొకరు బయట నుంచి పైపుతో నీళ్లు సన్నగా వదలాలి. ప్రెషర్ వాషర్ వద్దు. అది వానకు కారని చోట కూడా నీళ్లు దూరుస్తుంది. కింది నుంచి మొదలుపెట్టి పైకి వెళ్లండి, ఒక్కో చోట నాలుగైదు నిమిషాలు ఆగండి. పైనుంచి పోస్తే అన్నీ ఒకేసారి తడిసి లెక్క తప్పుతుంది. లోపల రేకు మీద సుద్దపొడి చల్లితే నీటి చార స్పష్టంగా కనిపిస్తుంది.

ఎక్కువగా దొరికే దొంగలు

వైపర్ల కింది జాలీలో ఆకులు తీసి చెంబుడు నీళ్లు పోయండి. వెంటనే కిందికి పోవాలి. సన్‌రూఫ్ ఉంటే దాని మూలల్లోని సన్న పైపులకూ ఇదే పరీక్ష. మూసుకుంటే నైలాన్ తీగ దూర్చండి. గట్టిగా గాలి కొడితే పైపు లోపలే ఊడిపోయి పని రెట్టింపవుతుంది.

తలుపుల దగ్గర చాలామంది రబ్బరునే తిడతారు. కాగితం ముక్క పెట్టి తలుపు మూసి లాగండి. సులువుగా జారి వచ్చిన చోట రబ్బరు వదులైంది. బిగుతుగానే ఉంటే డోర్ ప్యాడ్ (తలుపు లోపలి వైపు పలక) విప్పి, వెనకున్న ప్లాస్టిక్ షీటు చూడండి. కిటికీ అద్దం వెంబడి తలుపులోకి నీళ్లు దిగడం మామూలే. వాటిని కింది రంధ్రాల వైపు మళ్లించేది ఆ షీటే. అది ఊడితే నీళ్లు లోపలికి వస్తాయి. పాత జిగురు గీకేసి బ్యూటైల్ టేప్‌తో (జిగురుగా ఉండే రబ్బరు టేపు) అతికించండి. సిలికాన్ అక్కడ సరిగా అంటుకోదు, పైగా వెనిగర్ వాసన వచ్చే రకం రేకుకు తుప్పు పట్టిస్తుంది. తలుపు అడుగు రంధ్రాలను పుల్లతో శుభ్రం చేయండి.

డిక్కీలో తడి ఉంటే వెనక లైట్ల చుట్టూ ఉండే గాస్కెట్లు (నీళ్లు ఆపే పట్టీలు), స్టెప్నీ గుంత చూడండి. జిగురుతో అతికించిన ముందు అద్దమే కారుతుంటే మాత్రం తీసి మళ్లీ బిగించే పని నిపుణులదే.

మూశాక

ఫోమ్‌ను బయటకు తీసి రోజుల తరబడి ఆరబెట్టండి. రేకు మీద తుప్పు గీకి ప్రైమర్ వేయండి. కార్పెట్ పరిచే తొందర వద్దు. రేకు మీద వార్తాపత్రిక పరిచి రెండు వానలు పడనివ్వండి. కాగితం పొడిగా ఉంటేనే కార్పెట్ లోపలికి వెళ్లాలి.